డైపర్ వేసిన రోజే నడక ఆగిపోతుంది: హోమ్‌లో ఉన్న అమ్మగారి గురించి

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. అమ్మగారికి 81. బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. నాలుగు నెలల క్రితం హైదరాబాద్ శివార్లలో ఒక హోమ్‌లో చేర్పించినప్పుడు కర్ర పట్టుకుని తనంతట తానే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేవారు. ఇప్పుడు 24 గంటలూ డైపర్, పగలంతా వీల్‌చైర్. అడిగితే "వయసు కదండీ, కాస్త మరుపు కూడా మొదలైంది" అంటున్నారు. మీరు న్యూజెర్సీలో కూర్చుని వీడియో కాల్‌లో చూస్తూ, ఇక ఇంతేనా అని అడుగుతున్నారు.

ఇంతే కాదు. నేను నర్సుని. ఇంగ్లండ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో తొమ్మిదేళ్ళు, తిరిగొచ్చాక ఇక్కడి వృద్ధాశ్రమాల్లో పదకొండేళ్ళు పనిచేశాను. "వయసు కదండీ" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 81 ఏళ్ళ వయసు ఆవిడకి చేరిన రోజు కూడా ఉంది. నాలుగు నెలల్లో మారింది వయసు కాదు, ఇంకేదో. దాన్ని వెతకాలి.

సాధారణంగా ఏం జరుగుతుందో చెప్తాను, మీ అమ్మగారి విషయంలో ఎంతవరకు నిజమో మీరే చూసుకోండి. కొత్త చోటు. ఇంట్లో అయితే మంచం దిగి కుడికి తిరిగితే బాత్రూమ్ అని కాళ్ళకే తెలుసు. ఇక్కడ అది వరండా చివర ఎక్కడో ఉంటుంది. రాత్రి లేచి వెతుక్కునేలోపు మంచంలోనే అయిపోతుంది. ఆయమ్మ తెల్లవారుజామున మూడింటికి దుప్పట్లు మార్చి, మర్నాడు సూపర్‌వైజర్‌కి చెప్తుంది. "జాగ్రత్త కోసం" రాత్రికి డైపర్ వేస్తారు. వారం తిరిగేసరికి పగలు కూడా వేస్తారు. అప్పటికి ఆవిడకి కుర్చీలోంచి లేవాల్సిన పని ఒక్కటే మిగిలి ఉంటుంది, అది ఒంటికి వెళ్ళడం. అది కూడా కూర్చున్నచోటే అయిపోతే ఇక లేవడం దేనికి? అన్నం దగ్గరికే వస్తుంది, టీవీ ఎదురుగానే ఉంటుంది.

కాళ్ళలో కండ చాలా వేగంగా కరిగిపోతుంది. 2007లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. సగటున 67 ఏళ్ళున్న, ఏ జబ్బూ లేని కొంతమందిని పది రోజులు మంచం మీద ఉంచి చూశారు. ఆ పది రోజుల్లోనే కాళ్ళలో దాదాపు కిలో కండ పోయింది. వాళ్ళు ఆరోగ్యవంతులు. షుగరూ మోకాళ్ళ నొప్పులూ ఉన్న 81 ఏళ్ళ మనిషి సంగతి మీరే ఊహించుకోండి. కండ తగ్గాక ఆవిడ లేవబోతే తూలుతారు. తూలితే స్టాఫ్ భయపడతారు. పడిపోతే కొడుక్కి ఎవరు జవాబు చెప్పాలి అని వీల్‌చైర్‌లో కూర్చోబెడతారు. దాంతో బాత్రూమ్ ఇంకా దూరమైపోతుంది. చాలామందిలో మూత్రాశయం బాగానే ఉంటుంది, దాన్ని బాత్రూమ్ దాకా మోసుకెళ్ళాల్సిన కాళ్ళే ఆలస్యమవుతాయి.

అందుకే మూత్రం ఆపుకోలేకపోవడాన్నీ నడకనీ నేను రెండు సమస్యలుగా చూడను. ఒకటి బాగుచేస్తే రెండోది సగం దానంతటదే దారికొస్తుంది.

ఒక పెద్దాయన గుర్తొస్తున్నారు. హెడ్మాస్టర్‌గా రిటైరై మా దగ్గర చేరారు. రెండు నెలల్లో డైపర్‌కి వచ్చారు, మనిషి మాట్లాడటం మానేశారు. ఒకరోజు ఉదయం నేను ఊరికే ఆయన ఎదురుగా కూర్చుని గమనించాను. పదింబావుకి ఆయన చెయ్యి పైజమా నాడా దగ్గరికి వెళ్ళింది. ముడి దొరకలేదు. రెండు వేళ్ళతో తడుముతున్నారు, చెయ్యి వణుకుతోంది. అటూ ఇటూ చూశారు, ఎవరూ లేరు. నాలుగు నిమిషాలు అలా లాగి లాగి చెయ్యి తీసేసి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. ఆయనకి ఒంటికి వస్తున్నట్టు తెలుసు, ఎక్కడికి వెళ్ళాలో తెలుసు, నాడా ముడి మాత్రం రావట్లేదు. మర్నాడు ఎలాస్టిక్ ఉన్న నైట్ ప్యాంట్లు నాలుగు తెప్పించాం. పగలు డైపర్ తీసేయడానికి పదిహేను రోజులు కూడా పట్టలేదు. అందరికీ ఇంత తేలిగ్గా అవుతుందని చెప్పను. అసలు ఎవరూ చూడకుండానే డైపర్ వేసేస్తారని చెప్తున్నానంతే.

ముందు డాక్టర్ దగ్గర తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవి వదిలేసి ఎంత నడిపించినా లాభం లేదు.

షుగర్ అదుపులో లేకపోతే మూత్రం ఎక్కువగా వస్తుంది. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించండి. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్ర వేసుకుంటుంటే అది షుగర్‌ని మూత్రంలోకే పంపిస్తుంది, కాబట్టి మూత్రం పెరుగుతుంది. మాత్ర మీరు ఆపకండి, డాక్టర్‌ని అడగండి. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునేవారిలో కొంతమందికి పాదాలు వాస్తాయి. పగలంతా కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే ఆ నీరు కాళ్ళలో నిలిచి, రాత్రి పడుకోగానే పైకొచ్చి మూత్రంగా బయటికొస్తుంది. రాత్రి నాలుగుసార్లు లేవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. నీరు తీసే మాత్ర ఉంటే అది ఏ టైముకి ఇస్తున్నారో కనుక్కోండి. సాయంత్రం ఇస్తే రాత్రి నిద్ర ఉండదు. జలుబు మాత్రలు, నిద్రమాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు మత్తు తెస్తాయి, కొన్ని మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవకుండా చేస్తాయి. హోమ్‌లో చేరాక కొత్తగా ఏ మందు మొదలైందో ఆ లిస్టు తెప్పించుకుని, పాత లిస్టు పక్కన పెట్టి చూడండి. నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చిన చిట్కా ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

మోషన్ సాఫీగా అవుతోందా అని కూడా అడగండి. పేగులో మలం గట్టిపడి పేరుకుపోతే అది మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఒక్కోసారి ఆ గడ్డ పక్కనుంచి నీళ్ళలా కారుతుంటే విరేచనాలు అనుకుని ఆగడానికి మందు ఇస్తారు, దాంతో పరిస్థితి ఇంకా చెడుతుంది. ఇది నేను చాలాసార్లు చూశాను.

పొట్ట స్కానింగ్ చేయించేటప్పుడు, మూత్రానికి వెళ్ళొచ్చాక లోపల ఎంత మిగిలిందో కూడా కొలవమనండి. ల్యాబ్‌వాళ్ళకి "పోస్ట్ వాయిడ్" అంటే చాలు. 200 మిల్లీలీటర్లు దాటి మిగిలిపోతుంటే దారి వేరు, యూరాలజిస్టుకి చూపించాలి. మగవాళ్ళలో ప్రోస్టేట్ వల్ల ఇది మరీ ఎక్కువ.

ఇక యూరిన్ ఇన్ఫెక్షన్. మంట, జ్వరం, లేదా ఉన్నట్టుండి మనిషి అయోమయంలో పడటం, ఒక్కరోజులోనే అంతా తారుమారు కావడం లాంటివి ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించాలి. అలాంటివేమీ లేకుండా రిపోర్టులో "బాక్టీరియా ఉంది" అని వచ్చినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. హోమ్‌లలో ఉండే పెద్దవయసు ఆడవాళ్ళలో పావు వంతు నుంచి సగం మంది దాకా మూత్రంలో ఏ ఇబ్బందీ పెట్టని బాక్టీరియా ఉంటుంది. ప్రతి నెలా కల్చర్ (మూత్రంలో బాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) చేయించి ప్రతి నెలా యాంటీబయాటిక్ కోర్సు వేయడం మన దగ్గర అలవాటైపోయింది.

ఇప్పుడు అసలు పని. ముందు ఒక కాగితం కావాలి. మూడు రోజులు, ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా, రెండు గంటలకోసారి ఆయమ్మ డైపర్ చూసి తడిగా ఉందా పొడిగా ఉందా రాయాలి. ఎప్పుడు ఏం తాగారో పక్కన రాయాలి. తడికి ఒక చుక్క, పొడికి ఒక గీత, అంతే. చదువు రాని ఆయమ్మ కూడా పెట్టగలదు. మూడు రోజులు చూస్తే ఒక వరస కనిపిస్తుంది. పొద్దున టీ తాగిన ముప్పావుగంటకి, భోజనం తర్వాత, మళ్ళీ నాలుగింటి టీ తర్వాత, ఇలాగ. ఆ టైములకి పది నిమిషాల ముందే ఆవిడని లేపాలి.

ఎలా లేపాలన్నది కూడా ముఖ్యం. "పదండి బాత్రూమ్‌కి" అని లాక్కెళ్ళడం కాదు. దగ్గరికొచ్చి, చెవిలో మెల్లగా, "అమ్మా, ఒంటికి వస్తోందా? వెళ్ళొద్దామా?" అని అడగాలి. వద్దంటే కాసేపాగి మళ్ళీ ఒకసారి అడగాలి. రాకపోతే బలవంతపెట్టకూడదు. వెళ్ళొచ్చాక "పొడిగా ఉన్నారమ్మా, బాగుంది" అని ఒక మాట అనాలి. చిన్నపిల్లలకి చెప్పినట్టు ఉంటుందేమో అని మొదట్లో నాకూ మొహమాటంగా ఉండేది. కానీ ఆ మాట విన్నప్పుడు వాళ్ళ మొహాలు చూశాక మానలేదు. ఈ పద్ధతిని అమెరికా నర్సింగ్ హోమ్‌లలో 1980లు, 90లలో బాగా పరీక్షించారు. సుమారు మూడింట ఒకరికి, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువమందికి పగటి తడి బాగా తగ్గింది. ఇంకో మంచి సంగతి, ఎవరికి పనిచేస్తుందో ఎవరికి పనిచేయదో మూడు రోజుల్లోనే దాదాపు తెలిసిపోతుంది. నెలల తరబడి ఆశ పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఒక మాట ఉంది, హోమ్‌లలో రోజూ వినపడుతుంది: "డైపర్ ఉందిగా అమ్మా, అందులోనే పోసేయండి." ఒంటికి వస్తోందని నోరు తెరిచి చెప్పిన మనిషికి ఇచ్చే జవాబు అది. రెండుసార్లు ఆ జవాబు విన్నవాళ్ళు మూడోసారి చెప్పరు. తర్వాత మనం "ఆవిడకి తెలియట్లేదండీ, మరుపు" అంటాం. మీ అమ్మగారితో ఈ మాట అనకూడదని మేనేజర్‌కి మర్యాదగానే, కానీ స్పష్టంగా చెప్పండి.

బాత్రూమ్‌కి వెళ్ళే ప్రతిసారీ కాస్త వ్యాయామం కలపడం రెండో మెట్టు. కుర్చీలోంచి లేచే ముందు రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి, పాదాలు మోకాళ్ళ కిందికి లాక్కుని, ముందుకు వంగి లేవడం. నిలబడి, మళ్ళీ మెల్లగా కూర్చోవడం. మొదటి వారం రెండుసార్లు, తర్వాత మూడు, నాలుగు. దభేల్మని కూలబడకూడదు, దిగేటప్పుడే తొడలు పనిచేసేది. ఆ తర్వాత వాకర్‌తో బాత్రూమ్‌కి. వీల్‌చైర్‌లో తీసుకెళ్ళాల్సి వచ్చినా తలుపు ముందు ఆపి చివరి ఐదడుగులు నడిపించాలి. వారం వారం ఆ ఐదడుగుల్ని పెంచుకుంటూ పోవాలి.

ఇది నా సొంత కవిత్వం కాదు. 2002లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో నాలుగు నర్సింగ్ హోమ్‌లలో సరిగ్గా ఇదే చేశారు: పగలు రెండు గంటలకోసారి బాత్రూమ్, దాంతోపాటు లేవడం, నడవడం. వారానికి ఐదు రోజులు, ఎనిమిది నెలలు. చేసినవాళ్ళు ఉన్న శక్తి నిలబెట్టుకున్నారు లేదా మెరుగయ్యారు, చేయనివాళ్ళు తగ్గుతూ పోయారు. అదే అధ్యయనం ఇంకో నిజం కూడా చెప్పింది. ఒక్కోసారికి ఒక్కో మనిషికి సుమారు 20 నిమిషాలు పట్టింది. నేను చూసిన హోమ్‌లలో పగలు ఒక ఆయమ్మకి పదిమంది. లెక్క వేసుకుంటే ఎందుకు జరగట్లేదో అర్థమవుతుంది. ఆయమ్మ చెడ్డది కాదు, ఆవిడకి టైము లేదు. కాబట్టి అందరికీ రోజంతా చేయమని అడిగితే ఏదీ జరగదు. మీ అమ్మగారికి రోజుకు మూడుసార్లు, పొద్దున టీ తర్వాత, భోజనం తర్వాత, సాయంత్రం, ఇంతవరకే అడగండి. మూడూ జరిగేలా చూసుకోండి.

ఫిజియోథెరపీ పెట్టించారని రాశారు, వారానికి మూడు రోజులు. మంచం మీద పడుకోబెట్టి "కాలు ఎత్తండి, దించండి" అని పదిహేను నిమిషాలు చేయించి సంతకం పెట్టించుకుని వెళ్తుంటే ఆ డబ్బు దండగ. ఫిజియో పిల్లల్ని తప్పుపట్టట్లేదు, వాళ్ళని ఎవరూ వేరేది అడగరు. మీరు అడగండి: "కుర్చీలోంచి లేవడం, బాత్రూమ్ దాకా నడవడం, కమోడ్ మీద కూర్చుని లేవడం ఈ మూడే చేయించండి, ఆయమ్మకి కూడా నేర్పించండి." ఈ వయసులో కండ పెరుగుతుందా అని అనుమానం ఉంటే వినండి. 1990లో బోస్టన్‌లో ఒక హోమ్‌లోని తొంభై ఏళ్ళవాళ్ళు పదిమందితో ఎనిమిది వారాలు బరువులతో వ్యాయామం చేయించారు. పూర్తిచేసిన తొమ్మిదిమంది కాళ్ళ బలం సగటున రెండింతలు దాటి పెరిగింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1935లో లండన్‌లో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకి ఒక పేదల ఆసుపత్రిలో ఏళ్ళుగా మంచాల మీదే పడి ఉన్న ఏడొందల మందికి పైగా అప్పగించారు. ఆవిడ ఒక్కొక్కరినీ పరీక్షించి, ఎందుకు పడుకున్నారో రాసి, లేవగలిగినవాళ్ళని లేపింది. చాలామంది నడిచి ఇళ్ళకి వెళ్ళారు. బ్రిటన్‌లో వృద్ధుల వైద్యం అనే శాఖ మొదలైందే అక్కడ.

మోకాళ్ళ నొప్పి వల్ల లేవనంటుంటే, పొద్దున నడకకి అరగంట ముందు పారాసిటమాల్ ఇవ్వొచ్చా అని డాక్టర్‌ని అడగండి. నొప్పి భరించమని చెప్పి నడిపించలేం.

గదిలో మార్చాల్సినవి ఈసారి మీ చెల్లెలు వెళ్ళినప్పుడు చూసి రమ్మనండి. కుర్చీ ఎత్తు మోకాలి ఎత్తుకి కాస్త పైనే ఉండాలి, చేతులు ఉండాలి. మెత్తగా లోపలికి కుంగిపోయే సోఫా వద్దే వద్దు, అందులోంచి నేనే లేవలేను. కమోడ్ తక్కువ ఎత్తుగా ఉంటే పైన పెట్టే ప్లాస్టిక్ సీటు సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. పక్కన గోడకి స్టీలు కడ్డీ బిగించాలి, టవల్ తగిలించే రాడ్ దానికి బదులు కాదు, పట్టుకుంటే ఊడొస్తుంది. అమ్మగారు చీరే కడతానంటే పగలు నైటీకి ఒప్పించడానికి ప్రయత్నించండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, పరువు కూడా నడకంత ముఖ్యమే. కాళ్ళకి వెనక పట్టీ ఉన్న చెప్పులు కావాలి, హవాయి చెప్పులు జారతాయి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా ఒక చిన్న లైటు వెలగాలి. బాత్రూమ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించండి, మరుపు ఉన్నవాళ్ళకి అది చాలా ఉపయోగం.

నీళ్ళు తగ్గించేయడం అందరూ చేసే పొరపాటు. తడుస్తుందని ఆవిడే తాగరు, స్టాఫ్ ఇవ్వరు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, మలబద్ధకం వస్తుంది, బీపీ పడిపోయి లేవగానే కళ్ళు తిరుగుతాయి. గుండె, కిడ్నీ సమస్య లేకపోతే రోజుకు లీటరున్నర దాకా, మజ్జిగ, జావ అన్నీ కలిపి, ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపు ఇవ్వాలి. రాత్రి ఏడు తర్వాత టీ, కాఫీ వద్దు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక గంట కాళ్ళు ఎత్తులో పెట్టి పడుకుంటే కాళ్ళలో నిలిచిన నీరు పగలే దిగిపోతుంది.

రాత్రి డైపర్ ఉండనివ్వండి. దాని గురించి మొండిపట్టు పట్టను. నిద్ర చెడగొట్టి, మత్తులో నడిపించి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం కంటే రాత్రి మంచి డైపర్ నయం. సైజు సరిగ్గా ఉండాలి, పొద్దున్నే మార్చాలి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి మెత్తగా అద్ది తుడిచి జింక్ క్రీమ్ పల్చగా రాయాలి. పౌడర్ వద్దు, తడికి ఉండకట్టి చర్మం ఒరుస్తుంది. పగలు మాత్రం టేపు అంటించే రకానికి బదులు ప్యాంటులా వేసుకునేది వాడండి, ఆవిడే కిందికి లాక్కోగలరు.

ఎవరైనా "కాథెటర్ పెట్టేస్తే గొడవ ఉండదు" అంటే, అంటే మూత్రాశయంలోకి గొట్టం వేసి సంచీ తగిలిస్తామంటే, ఒప్పుకోవద్దు. మూత్రం పూర్తిగా ఆగిపోవడం, పెద్ద పుండు మానాల్సి ఉండటం లాంటి కారణాలుంటే సరే. పని తేలికవుతుందని మాత్రం కాదు. పెట్టిన ప్రతి రోజుకీ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం 3 నుంచి 7 శాతం పెరుగుతుంది, పైగా ఆ సంచీతో కాళ్ళకి ఇంకో సంకెళ్ళు.

హోమ్‌వాళ్ళతో మాట్లాడటం గురించి. దూరం నుంచి అరిస్తే కోపం ఆయమ్మ మీదికి, అక్కడినుంచి అమ్మగారి మీదికి దిగుతుంది. మేనేజర్ అసలు భయం మీరు నిలదీస్తారని. కాబట్టి ముందే ఒక ఈమెయిల్ పెట్టండి: "అమ్మని నడిపించమని నేనే అడుగుతున్నాను. జాగ్రత్తగా ఉన్నా పడే అవకాశం ఉందని నాకు తెలుసు, దానికి స్టాఫ్‌ని తప్పుపట్టను." ఈ ఒక్క ఈమెయిల్‌తో వీల్‌చైర్ పక్కకి వెళ్ళిన సందర్భాలు నాకు తెలుసు. ఆయమ్మ పేరు తెలుసుకోండి. పండక్కి వెయ్యి రూపాయలు పంపడం మంచిదే, కానీ వీడియో కాల్‌లో ఆవిడని పిలిచి "ఇవాళ అమ్మ ఎన్నిసార్లు నడిచింది?" అని రోజూ అడిగితే దాని విలువ ఎక్కువ. ఎవరో లెక్క అడుగుతున్నారని తెలిస్తే లెక్క ఉంటుంది. ఇంత చెప్పినా మందుల లిస్టు ఇవ్వకపోతే, కలవడానికి రానివ్వకపోతే, ఒంటిమీద పుండ్లు కనిపిస్తే అప్పుడు 14567కి ఫోన్ చేయించండి, అది సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్.

మూడు రోజులు ఇలా అడిగి బాత్రూమ్‌కి తీసుకెళ్ళాక కూడా ఎప్పుడూ తడిగానే ఉంటే, లేపడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వస్తుంటే, బాత్రూమ్‌లో కూర్చున్నా ఎందుకు కూర్చున్నారో ఆవిడకి అర్థం కాకపోతే, పొడిగా ఉంచే లక్ష్యం వదిలేసి చర్మం, నిద్ర, మర్యాద చూసుకోవాలి. అప్పుడు కూడా రోజుకు రెండుసార్లు నిలబెట్టడం ఆపకండి. డైపర్ మార్చేటప్పుడు పక్కకి దొర్లించి మార్చే బదులు, కడ్డీ పట్టుకుని నిమిషం నిలబడగలిగితే నిలబెట్టి మార్చమనండి.

మీ అమ్మగారు నాలుగు నెలల క్రితం దాకా నడిచిన మనిషి కాబట్టి నాకు ఆశ ఉంది. మందుల లిస్టు రెండూ, ఆ చుక్కలు గీతల కాగితం, స్కానింగ్‌లో మిగిలిన మూత్రం ఎంతో రాసి ఇక్కడే పెట్టండి. ఆవిడ పేరు, హోమ్ పేరు చెరిపేసి పెట్టండి. చూసి, ఏ టైముకి లేపాలో చెప్తాను.